నలభై దాటితే టిక్కు

శబ్దం చేయని కారు సమాజానికి ప్రమాదం!

ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. ముప్పై ఒక్క ఏళ్లు బందరులో సంస్కృతాన్ని, అందులోనూ తర్కశాస్త్రాన్ని బోధించి రిటైరైనవాణ్ని. హేతువు చూపకుండా మా ఇంట్లో రెండోసారి కాఫీ అడిగే అలవాటు కూడా లేనివాణ్ని. కాబట్టి పాఠకులు కంగారు పడకుండా నా వాదన మొత్తం విని, ఆ తరవాతే తమ తమ కార్లను మెకానిక్కుల దగ్గరికి తీసుకెళ్లాలో, మెకానిక్కుల దగ్గర్నుంచి వెనక్కి తెచ్చేసుకోవాలో తేల్చుకోవలసిందిగా మనవి.

మీ ఇంజను నిశ్శబ్దంగా నడుస్తోందా? అయితే మీ మీద నాకు జాలిగా ఉంది. ఆ కారుకు మీతో చెప్పవలసిందేమీ లేదన్నమాట! మీరు దానికి పెట్రోలు పోస్తారు, అది మిమ్మల్ని మోస్తుంది. అంతటితో సరి. వడ్ల బస్తాకూ మీకూ తేడా ఏమిటి?

నా కారు అలాంటిది కాదు. పదకొండేళ్ల చిన్న పెట్రోలు కారు. నిలబడి ఉన్నప్పుడు మౌనం. మెల్లగా వెళ్తున్నప్పుడు మౌనం. స్పీడోమీటరు ముల్లు నలభై దాటి, నేను యాక్సిలరేటర్‌ని మరికాస్త తొక్కానో, బానెట్ కింద మొదలవుతుంది: టిక్, టిక్, టిక్, టిక్! కాలు తీస్తే మళ్లీ మౌనం. ఇంకా గట్టిగా తొక్కితే టిక్కులన్నీ కలిసిపోయి, పెడనలో మగ్గాల మధ్య నడుస్తున్నట్టుంటుంది.

దీన్ని కొందరు అల్పజ్ఞులు కంప్లయింట్ అంటారు. కంప్లయింట్ ఏమిటండీ! ఉపదేశం!

బందరు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో వేగపరిమితి బోర్డులు ఉన్నాయి. వాటిని చదివినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? వాటికి సైకిళ్లు ఆనిస్తారు, మేకలు కడతారు, ఎలక్షన్లప్పుడు పోస్టర్లు అంటిస్తారు. నా కారుకు ఏ బోర్డూ అక్కర్లేదు. నలభై దగ్గర తానే హెచ్చరిస్తుంది. తప్పు చేసిన క్షణంలోనే చెప్పి, తప్పు మానిన క్షణంలోనే ఊరుకునే గురువు మీకు ఎక్కడ దొరుకుతాడు? నాకు తెలిసిన గురువులెవరూ అలా ఊరుకునేవారు కాదు. నేనూ ఊరుకునేవాణ్ని కాదు.

కోతల కాలంలో ఆ రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. హారన్ కొడితే రైతుకు కోపం వస్తుంది. కొట్టకపోతే వడ్లు మన టైర్లకు అంటుకుంటాయి. నా కారు ఫర్లాంగు దూరంలో ఉండగానే రైతులు తలెత్తి, పరదాలు సర్దుకుని, 'మాస్టారు వస్తున్నారు' అనుకునేవాళ్లు. ఇంతటి ముందస్తు గౌరవం మంత్రుల కాన్వాయ్‌కి కూడా ఉండదు. వాళ్లకు సైరన్ కావాలి.

ఇక బంధువుల మాట. మీ కారు బాగుంటే మీ పెత్తల్లి మనవడి నిశ్చితార్థానికి అది వెళ్తుంది. మీరు ఆటోలో వెళ్తారు. నా కారును ఎవరూ అడగలేదు. అడగబోయిన ఒకరిద్దరిని ఎక్కించుకుని కోనేరు సెంటర్ దాకా తీసుకెళ్లి చూపించాను. తిరిగి వచ్చేసరికి వాళ్ల నోట అడిగే మాటే రాలేదు.

అన్నిటికంటే గొప్ప లాభం ఒకటుంది. చెబితే మీరు నమ్మరేమో! ఆ కారులో కూర్చున్న పావుగంటకు నాకు ఒక విధమైన ప్రశాంతత కలిగేది. కనురెప్పలు బరువెక్కేవి. ప్రపంచం దూరంగా, మెత్తగా, అనవసరంగా తోచేది. ఏళ్ల తరబడి పద్మాసనం వేసినా దక్కని స్థితి, అద్దాలు ఎత్తి చల్లపల్లి దాకా వెళ్తే దక్కింది. టిక్కుకూ ధ్యానానికీ సంబంధం ఉందని అప్పుడే గ్రహించాను. ఆ గ్రహింపు ఎంత నిజమో తరవాత తెలిసింది. దాని సంగతి ఆ చోట చెబుతాను.

సమాజాన్ని కలిపే శక్తి కూడా ఆ శబ్దానికి ఉంది. మా పక్కింటి గోవర్ధనరావు గారు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేయిస్తారు. వారి మునగ కొమ్మ మా ప్రహరీ మీదికి వంగిన కారణంగా ఆరేళ్లుగా మా మధ్య మాటల్లేవు. ఉగాది వెళ్లిన వారానికి, కారుకు గొంతు వచ్చిన కొత్తలో, ఆయన గోడ మీదుగా తొంగిచూశారు.

"మాస్టారూ, మీ బండి ఏదో అంటున్నట్టుందే?"

ఆరేళ్ల మౌనవ్రతం అలా ముగిసింది! ఆయన్ని ఎక్కించుకుని రైల్వే గేటు దాకా వెళ్లి వచ్చాను. దారి పొడవునా ఆయన కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, కచేరీలో కూర్చున్నట్టు విన్నారు.

"పూత పోయిందండీ," అని తేల్చారు. "లోపల దేనికో పూత పోయింది. పూత పోయిన గాజు ఇలాగే మోగుద్ది. నా మాట వినండి."

నేను 'ట్చ్' అన్నాను. తప్పు జవాబు వినబడితే నాలుకను అంగిలికి కొట్టి ఆ చప్పుడు చేయడం నాకు తరగతి గదిలో అబ్బిన అలవాటు. ఉద్దేశంతో చేసేది కాదు. ఊపిరి లాంటిది. వెనక బెంచీ పిల్లలు గంటకు ఎన్నిసార్లో లెక్కపెట్టుకుని పందేలు కాసేవాళ్లని రిటైర్‌మెంట్ సభలో ఒక పాత విద్యార్థి వేదిక మీదే చెప్పాడు.

గోవర్ధనరావు గారితో మొదలైన వైద్యం మా పేట ఈడేపల్లి అంతా పాకింది. కొత్తిమీర కట్టలు తెచ్చే కొండమ్మ ఎలక దూరిందంది. పురోహితులు కారు నిలిపే దిక్కు మార్చమన్నారు. గ్యాస్ సిలిండర్లు వేసే మనిషి పెట్రోలులో కల్తీ అన్నాడు. తెలియదని చెప్పినవాడు ఈ ఊళ్లో ఒక్కడూ లేడు. ఇంతమంది పండితులు మన చుట్టూ ఉన్నారని ఒక టిక్కు లేకపోతే మనకు తెలిసేదా?

ఒక్క వాసు మాత్రం తెలియదన్నాడు. అతను మెకానిక్కు.

"విప్పకుండా ఏం చెప్తాం మాస్టారూ? బండి ఇక్కడ వదిలేసి వెళ్లండి. ఇంజను చల్లారాక చూసి, సాయంత్రానికి ఇచ్చేస్తాను."

"వదలకుండా చూడలేవా?"

"డాక్టరు గారు చొక్కా విప్పమంటే కూడా ఇలాగే అంటారాండీ మీరు?"

నేను పక్కనే నిలబడి ఉండగా అతను ఇంజనాయిల్ మార్చాడు. శబ్దం పోలేదు. మరో నెలకు ప్లగ్గులు మార్చాడు. పోలేదు. మూడోసారి చేతులు తుడుచుకుంటూ నా వంక కాస్త తేడాగా చూశాడు.

"మాస్టారూ, నిజం చెప్పండి. మీరు దీన్ని బాగుచేయించడానికి వస్తున్నారా, పరామర్శ చేయించడానికి వస్తున్నారా?"

"తొందరేముంది వాసూ?" అని తీసుకొచ్చేశాను.

ఇక్కడ తెలివైన పాఠకుడు చెయ్యెత్తుతాడు. 'అయ్యా, సాయంత్రానికి బాగుచేసి ఇస్తానన్నవాడి దగ్గర కారు ఎందుకు వదల్లేదు?' ప్రశ్న సమంజసమే. సమాధానానికి ముందు సంబంధం లేని ఒక కుటుంబ విషయం చెప్పాలి.

నా భార్య సీతామహాలక్ష్మి అవనిగడ్డలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు. రెండేళ్ల కిందట, ఇంకా ఏడేళ్ల సర్వీసు మిగిలి ఉండగా అక్కడికి బదిలీ అయింది. ఉదయం ఆరూ నలభైకి ఇంట్లోంచి బయటపడి, బస్సులో నిలబడి, స్కూలు చేరి, తొమ్మిది కాకముందే ఫోనుకు ముఖం చూపించాలి. హాజరు అలా పడుతుంది. తొమ్మిదీ అయిదుకు కూడా అదే ముఖమే కదా అని మనం అనుకుంటాం. ఫోను అనుకోదు. బస్సు నిండిపోయి స్టాపులో ఆపకుండా వెళ్లిందనో, ఆగిన బస్సు చల్లపల్లిలో పావుగంట టీ తాగిందనో చెప్పుకోవడానికి ఆ ఫోనుకు చెవులు లేవు.

వేసవి సెలవుల్లో ఆమె గుడివాడలో చెల్లెలు ఉమాశ్రీ ఇంటికి వెళ్లింది. ఏటా వెళ్తుంది. మామిడికాయలు, చీరలు, కబుర్లు. ఈసారి జూన్‌లో తిరిగి వచ్చి, ఊరగాయ జాడీలు దించి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక కార్డు తీసి నా ముందు పెట్టింది. డ్రైవింగ్ లైసెన్స్! యాభై ఏడేళ్ల వయసులో, ఎర్రటి 'ఎల్' అక్షరం కట్టిన కారులో, గుడివాడ నుంచి పామర్రు రోడ్డు మీద అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి పొద్దున్నే నేర్చుకున్నారట. నాతో ఒక్క మాట అనలేదు.

"ఎందుకు చెప్పలేదు సీతా?"

"చెప్తే మీరు ట్చ్ అంటారు."

నేను 'ట్చ్' అన్నాను.

"ఇక నుంచి స్కూలుకు కారులో వెళ్తానండీ. మీరు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా, కారు కూడా ఇంట్లోనే ఉంటోంది. పక్కింటివాళ్లు బానెట్ మీద వడియాలు పెడుతున్నారు."

"చాలా సంతోషం," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. "కానీ ఆ శబ్దం సంగతి తేలనీ. చెడిన బండిని భార్య చేతికి ఇచ్చి పంపినవాణ్ని లోకం ఏమంటుంది?"

పాఠకులారా, ఉన్నవి ఉన్నట్టుగా రెండు విషయాలు చెప్పాను. ఒకటి, శబ్దం పోయేదాకా ఆమె కారు నడపదు. రెండు, శబ్దం పోవడానికి నేను తొందరపడలేదు. ఈ రెండింటికీ ఎవరికైనా కార్యకారణ సంబంధం కనిపిస్తే అది వారి అనుమానపు బుద్ధి. నేను కారును ప్రేమించేవాణ్ని. అంతే.

ఎంతగా ప్రేమించానో రుజువు కావాలా? ప్రతి శుక్రవారం ఉదయం పంచె ఎగ్గట్టి, బానెట్ ఎత్తి, బోరు నీళ్ల పైపు పెట్టి ఇంజనును స్వహస్తాలతో కడిగేవాణ్ని. మూలమూలకూ నీళ్లు చేరేదాకా వదిలేవాణ్ని కాదు. ఆ తరవాత పసుపు, కుంకుమ, ఒక చామంతి. పదకొండేళ్లలో ఒక్క శుక్రవారం తప్పలేదు. కారుకు అభిషేకం చేసే భక్తుణ్ని పట్టుకుని, బాగుచేయించడం ఇష్టం లేదని నిందవేయడం ధర్మమా?

జూలై గడిచింది. ఆగస్టు గడిచింది. ఆమె రోజూ రాత్రి భోజనాల దగ్గర ఒకే ప్రశ్న అడిగేది, "తేలిందా?" అని. నేను ఒకే సమాధానం చెప్పేవాణ్ని, "తేలుతుంది" అని. ఇంత క్లుప్తంగా, ఇంత సామరస్యంగా సాగిన దాంపత్య సంభాషణ మా నలభై ఏళ్లలో మరొకటి లేదు. అదీ ఆ టిక్కు పుణ్యమే!

నవంబరు వానల్లో ఒకే నెలలో మూడుసార్లు బస్సు ఆమెను మోసం చేసింది. మూడోనాడు తొమ్మిదీ ఇరవైకి తడిసి ముద్దయి స్కూలుకు చేరింది. ఆ వారమే మెమో వచ్చింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో మొదటి మెమో. సమయపాలన గురించి పిల్లలకు చెప్పే మనిషి, ఇకపై ఆలస్యమైతే చర్య తప్పదని రాసిన కాగితాన్ని డైనింగ్ టేబుల్ మీద నా కంచం పక్కన పెట్టింది.

అరవలేదు. ఏడవలేదు. అరిస్తే నేను సమాధానం చెప్పగలిగేవాణ్ని.

"ఎల్లుండి రెండో శనివారం," అంది. "కారు నేను తీసుకెళ్తున్నాను. బాగుచేయించడానికి. మీరు వస్తే రండి."

"వాసు దగ్గరికా?"

"వాసు దగ్గరికి మీరు ఏడు నెలలు వెళ్లారు కదా. నేను గిలకలదిండికి వెళ్తున్నాను."

గిలకలదిండి అంటే మా ఊరి చేపల హార్బరు. అక్కడ ధనరాజు పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఈవిడ బందరులో పనిచేసినప్పుడు అతని కూతురు హారిక పదో తరగతిలో ఈవిడ శిష్యురాలు. కారుకు పడవ వైద్యమా! నవ్య న్యాయ తర్కంలో దీనికి ఏదో దోషం పేరు ఉండాలి. ఆలోచించేలోగా ఆమె కారు స్టార్ట్ చేసింది. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. నా కారులో ఎడమ సీటు ఎలా ఉంటుందో పదకొండేళ్లకు మొదటిసారి చూశాను.

ధనరాజు మొదట ఏమీ చేయలేదు. అదే నాకు నచ్చలేదు. ఇంజను చల్లారాలన్నాడు. గంటసేపు మమ్మల్ని వలల కుప్ప పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఆ తరవాత ఒక తడిగుడ్డ ఉండచుట్టి కారు వెనక పొగగొట్టానికి అడ్డంగా నొక్కిపట్టమని తన మనిషికి చెప్పాడు.

"టీచరు గారూ, ఇప్పుడు స్టార్ట్ చేయండమ్మా."

స్టార్ట్ చేసింది. కదలకుండా నిలబడి ఉండగానే, యాక్సిలరేటర్ తాకకుండానే, టిక్ టిక్ టిక్ టిక్! వెనక్కి పోయే దారి మూస్తే పొగ ముందు చిల్లు వెతుక్కుంటుందట. అతను బ్రష్‌తో సబ్బునీళ్లు తీసి, ఇంజనుకు పొగగొట్టం కలిసే అతుకు దగ్గర పూశాడు. అక్కడ, ఒకే ఒక్క చోట, బుడగలు లేచాయి. పక్కన నల్లగా మసి.

"ఇదిగోనండీ మీ టిక్కు," అన్నాడు. ఏడు నెలలుగా ఈడేపల్లి పండితులంతా వాదించుకున్న విషయం మీద అతను వాడినవి మూడు మాటలు.

"అంటే ఏమిటి?" అన్నాను.

"ఈ ముక్కా ఇనుమే, ఆ ముక్కా ఇనుమేనండీ. రెండూ గట్టివైతే ఎంత బిగించినా సందు ఉంటది. అందుకని మధ్యలో మెత్తటి పొర ఒకటి పెడతారు, గ్యాస్కెట్ అని. బోల్టు తుప్పు పట్టి విరిగిపోయింది, పొర వదులై కాలిపోయింది. ఇంక మీరు తొక్కినప్పుడల్లా లోపలి ఒత్తిడి ఆ సందులోంచి కొట్టుకుంటది. మెల్లగా వెళ్తే వినబడదు." ఇంకా వంగి చూశాడు. "అద్దాలు ఎత్తుకుని తిరిగారా? ఆ పొగ లోపలికి వస్తదండీ. తలనొప్పి గాని, మత్తు గాని రాలేదా మీకు?"

పద్మాసనం వేసినా దక్కని నా ప్రశాంతత సంగతి నేను ఆ సందర్భంలో ప్రస్తావించలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు ఒకే ఉదాహరణతో తర్కం చెప్పాను. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నట్టు ఊహించాలి. ఏటా నూటఇరవై మంది పిల్లలు దాన్ని వల్లించి పాసయ్యారు. ఆ కొండ మీదే కూర్చుని, ఆ పొగే పీలుస్తూ, మోక్షం వస్తోందనుకున్నవాణ్ని నేను.

అంతటితో ఆగినా బాగుండేది. ధనరాజు బోల్టును వేలితో గీకి, ఆ వేలిని వెలుతురులో చూసుకుని, నాలుకకు ఆనించుకున్నాడు.

"ఇంత ఉప్పు ఎక్కడిదండీ?" అతనికి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "మా బోట్లు సముద్రంలో తిరుగుతాయి. వాటి ఇంజన్లకు కూడా ఇంత తుప్పు లేదు. కారును ఎప్పుడన్నా సముద్రంలో దింపారా బాబు గారూ?"

సీతామహాలక్ష్మి నా వంక చూసింది. బందరులో మా వీధి బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో, వాటితో పప్పు ఉడకదని పెళ్లయి వచ్చిన వారానికే కనిపెట్టిన మనిషి ఆమె.

"శుక్రవారాలు..." అన్నాను. "అది వాహనపూజ ధనరాజూ. ఆచారం."

"పూజ మంచిదేనండీ. బొట్టు పెట్టండి, పూలు పెట్టండి, నిమ్మకాయ కట్టండి. ఉప్పునీళ్ల స్నానం దేనికండీ? మేం వేటకెళ్లి ఒడ్డుకు రాగానే ఇంజను మీద ఉప్పు ఉండకూడదని మంచినీళ్ల గుడ్డ పెట్టి తుడుస్తాం. మీరేమో ఇంటిపట్టున ఉన్నదానికి ఉప్పు పట్టిస్తన్నారు!"

పదకొండేళ్లు. ఏడాదికి యాభై రెండు శుక్రవారాలు. గుణించి చూసే ధైర్యం నాకు లేకపోయింది. లెక్కల్లో ఆమె గట్టిది. ఆమె పెదవులు కదలడం చూశాను.

ధనరాజు తుప్పు మీద నూనె పోసి నానబెట్టి, కాస్త వేడిచేసి, విరిగిన బోల్టు ముక్కను తొలిచి తీసి, కోనేరు సెంటర్ నుంచి తెప్పించిన కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాడు. మధ్యాహ్నం మూడింటికి స్టార్ట్ చేయించాడు. నేను చెవి రిక్కించాను. ఆమె యాక్సిలరేటర్ తొక్కింది. ఇంకా తొక్కింది.

ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దాన్ని ఎలా వర్ణించను? రెండు పడవల అవతల ఎవరో చేపలు వేలం పాడుతున్నారు. కాకులు అరుస్తున్నాయి. లోకమంతా యథాప్రకారం శబ్దం చేసుకుంటోంది, నా కారు తప్ప!

"టీచరు గారూ, ఇక నిశ్చింతగా తిరగండమ్మా," అన్నాడు ధనరాజు. అతను ఎవరికి చెప్పాడో గమనించారు కదా!

సోమవారం ఉదయం ఏడుంబావుకు, బస్సు కోసం పరుగెత్తే రోజుల కంటే తీరిగ్గా కాఫీ తాగి, ఆమె తాళాలు తీసుకుంది. నేనూ వస్తానన్నాను. కొత్త చేతికి పాత బండి, పక్కన అనుభవజ్ఞుడు ఒకడుండాలి కదా! ఆమె కాదనలేదు.

ఊరు దాటాం. రోడ్డు ఖాళీగా ఉంది. రెండు పక్కలా కోతకు వచ్చిన చేలు. ముల్లు నలభై దాటింది.

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. వేగం తగ్గించింది. మళ్లీ పెంచింది. మళ్లీ తగ్గించింది.

"విన్నారా? మళ్లీ వస్తోంది."

నాకు వినబడలేదు. కానీ పాఠకులారా, ఆ క్షణంలో నా మనసులో కలిగిన ఉల్లాసాన్ని దాచుకోను. "నేను చెప్పలేదా? పడవల మెకానిక్కుకు కారు అప్పగిస్తే ఇంతే. వెనక్కి తిప్పు. నేను నెమ్మదిగా తీసుకెళ్లి దింపుతాను."

ఆమె వెనక్కి తిప్పలేదు. ఆమె ఫిజికల్ సైన్స్ టీచరు. ఏసీ ఆపింది. తొక్కింది. "ఉంది," అంది. అద్దం దించింది. తొక్కింది. "ఉంది." గేరు మార్చింది. "ఉంది. కానీ టిక్కు కాదు. కాస్త తడిగా ఉంది."

"తడి శబ్దమా?"

"అవునండీ. ముందు నుంచి కాదు. ఎడమ పక్క నుంచి."

నేను వంగి ముందున్న చిన్న అర తలుపు బిగించాను. సీటు బెల్టు సర్దాను. కాళ్ల కింద చెయ్యి పెట్టి వెతికాను. ఆమె ఒక ట్రాక్టరును దాటడానికి వేగం పెంచింది.

"అదిగో!" అంది. "పట్టుకున్నాను. మీరేనండీ."

"నేనా?"

"నలభై దాటినప్పుడల్లా ట్చ్ అంటున్నారు. ట్రాక్టరును దాటేటప్పుడు నాలుగుసార్లు అన్నారు. కాలు తీస్తే ఆపేస్తున్నారు."

అభాండం! నేను ఖండించడానికి నోరు తెరిచాను. ఎదురుగా లారీ వచ్చింది, ఆమె తొణకకుండా పక్కకు తీసి ముందుకు పోనిచ్చింది. నా నోట్లోంచి, నా ప్రమేయం లేకుండా, స్పష్టంగా, వెనక బెంచీ దాకా వినబడే స్థాయిలో ఆ శబ్దం వచ్చింది.

చల్లపల్లి సెంటర్‌లో ఆమె కారు పక్కకు తీసి ఆపింది.

"దిగండి."

"ఇక్కడా?"

"అనుమానం ఉన్న భాగాన్ని తీసి, నడిపి చూడాలండీ. అప్పుడే తేలుతుంది. వాసు అయినా, ధనరాజు అయినా అదే చేస్తారు. బందరు బస్సు అటుపక్క ఆగుతుంది."

దిగాను. ఏడు నెలలు కారును విప్పనివ్వని నన్నే కారులోంచి విప్పేశారు! తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఊరు చేరేదాకా నిలబడే ఉన్నాను. రెండేళ్లుగా ఆమె ఇలాగే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిలబడిందన్న సంగతి నాకు తెలియనిది కాదు. కానీ తెలియడం వేరు, చిన్నాపురం దగ్గర సడన్ బ్రేకుకు ఎవరిదో టిఫిన్ క్యారియర్ మోకాలికి తగలడం వేరు.

సాయంత్రం ఆమె వచ్చి తాళాలు మేకుకు తగిలించింది.

"ఎనిమిదీ ఇరవైకే వెళ్లానండీ. నేనే గేటు తీయించాను." మొహం కడుక్కుంటూ లోపలి నుంచి, "శబ్దం అస్సలు లేదు," అంది.

ఇప్పటికి మూడు వారాలైంది. ముఖం రోజూ వేళకే ఫోనుకు కనిపిస్తోంది. శుక్రవారాల అభిషేకం రద్దయింది. తడి తుడుపు, ఒక బొట్టు, చామంతి మాత్రం అనుమతించారు. బానెట్ మీద వడియాలు లేవు. గోవర్ధనరావు గారు గోడ మీదుగా అడిగితే బాగైందని చెప్పాను. మాట్లాడుకోవడానికి ఇంకేమీ లేక మునగ కొమ్మ సంగతి మళ్లీ తెచ్చారు.

మొన్న మంగళవారం నాకు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామిని చూడాలనిపించింది. ఆమె దారిలోనే కదా! తాళాలు తీసుకుంటున్నప్పుడు గుమ్మంలో నిలబడి, నా జీవితంలో మొదటిసారిగా, నా కారులో చోటు అడిగాను.

"మోపిదేవి దాకా దింపుతావా సీతా?"

ఆమె నన్ను ధనరాజు ఇంజనును చూసినట్టు చూసింది. లోపలికి వెళ్లి, ఒక చిన్న స్టీలు డబ్బా తెచ్చింది. మూత తీసింది. బందరు హల్వా. నల్లగా, నేతితో నిగనిగలాడుతూ, వేలితో నొక్కితే సాగే రకం.

"పెద్ద ముక్కే తీసుకోండి," అంది. "నాలుక మీద పెట్టి అంగిలికి నొక్కి ఉంచండి. నమలకండి."

"ఎందుకు?"

"రెండూ గట్టివి కదండీ. మధ్యలో మెత్తటిది ఒకటి ఉండాలి."

శబ్దం చేయని కారు ప్రమాదమని మొదట్లో అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. అది ఎవరికి ప్రమాదమో చెప్పడం మరిచానంతే. మీ కారు టిక్కుమంటే బానెట్ ఎత్తండి, సబ్బునీళ్లు పూయండి, గుడ్డ అడ్డం పెట్టండి. ఎక్కడా బుడగ లేవకపోతే మాత్రం, ఎడమ సీట్లో ఎవరు కూర్చున్నారో ఒకసారి చూడండి.

ఆ మంగళవారం ఊరు దాటాక ముల్లు నలభై దాటింది. యాభై దాటింది. వడ్లు ఆరబోసినచోట ఆమె తగ్గించి, అవి దాటాక మళ్లీ పెంచింది. అరవై అయిదు దగ్గర ముందు పోతున్న బస్సును కుడివైపు నుంచి దాటింది. చక్కగానే దాటింది. నాకు చెప్పాలని చాలా ఉంది.

నోట్లో హల్వా ఉంది.